గురువు లఘువైతే గుణవంతుడైపోతాడా?



ఛందస్సు గురించో, మరుగునపడిన జాతీయాల గురించో ఈ పుటలో వ్రాసుకునే నేను నా నడుము చుట్టుకొలత గురించి ఒక టపా వ్రాయవలసివస్తుందని ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు వ్రాయక తప్పడం లేదు. నా శరీరాన్ని నా అనుమతి లేకుండా ఒక సాక్ష్యంగా వాడుతున్నారు. ఆ సాక్ష్యం అబద్ధమని చెప్పవలసిన బాధ్యత నాది.

ముందుగా లెక్కలు. నేను 2018లో ఉద్యోగవిరమణ చేసేనాటికి 104 కిలోలు. ఆ తరువాత వాలుకుర్చీకి అంకితమై 112కు చేరాను. 2023 సంక్రాంతి పిండివంటలు అయిపోయిన మరునాడు మొదలుపెట్టి, 2024 కార్తికమాసం నాటికి 78కి దిగాను. 22 మాసాలలో 34 కిలోలు. శస్త్రచికిత్స లేదు, సూది లేదు. ఆహారమూ వ్యాయామమూ మాత్రమే. నాతోపాటు భాషాప్రవీణ చదివిన మిత్రుడొకాయన నన్ను చూసి, "ఏమయ్యా, గురువు లఘువయ్యాడే!" అని చమత్కరించాడు. గురు శబ్దానికి బరువైనది అనే అర్థం ఉంది కనుక ఇద్దరం హాయిగా నవ్వుకున్నాం. అక్కడితో ఆగి ఉంటే ఈ టపాకు అవసరం ఉండేది కాదు.

మా బావమరిది కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాం. బంతి భోజనాల వేళ నలభైమంది చూస్తుండగా అతడు తన కూతురిని పిలిచి నా పక్కన నిలబెట్టాడు. ఆ పిల్లకు 26 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం, మనిషి కాస్త భారీ. రెండు సంబంధాలు ఆ కారణంగానే తప్పిపోయాయట. "చూశావటే మామయ్యని! అంత వయసులో 34 కిలోలు తగ్గారు. నీకేం రోగం? ఆ నోరొక్కటి కట్టుకోలేవూ?" అన్నాడు. బంతిలో కొందరు నవ్వారు. ఆ పిల్ల చేతిలో ఉన్న బొబ్బట్టును విస్తరిలో పెట్టేసి లేచి వెళ్ళిపోయింది. నేనేం చేశాను? ఏమీ చేయలేదు. నిజం చెప్పాలంటే, ఆ పొగడ్తకు లోలోపల కొంచెం పొంగాను కూడా.

నెల తిరగకముందే ఆ పిల్ల పనిచేసే చోట స్పృహతప్పి పడిపోయిందని కబురు వచ్చింది. పదిహేను రోజుల్లో పది కిలోలు అనే ఏదో పద్ధతి పట్టుకొని, అన్నమూ పప్పూ మాని, నూనెలతోనూ నిమ్మరసంతోనూ రోజులు నెట్టుకొచ్చిందట. ఆసుపత్రి మంచం మీదనుంచి నాతో ఫోనులో అన్న మాట ఇది: "మామయ్యా, మీకున్నంత మనోబలం నాకు లేదేమో."

ఈ టపా ఆ మాటకు జవాబు. ఆ పిల్లకు నేను వేరుగా చెప్పుకున్నాను. ఇక్కడ చెప్పేది ఆ మాటను ఆమె నోటిలో పెట్టినవారికి.

వారి వాదం సులభమైనది. బరువు నోటి దోషం. నోరు కట్టుకుంటే తగ్గుతుంది. తగ్గనివాడికి నిగ్రహం లేదు. నిగ్రహం లేనివాడికి శీలం లేదు. మొదటి వాక్యంలో పావువంతు నిజం ఉంది. ఆ పావును పట్టుకొని చివరి వాక్యం దాకా జారిపోవడమే మన సమాజానికి అలవాటైన తర్కం.

తిన్నదానికంటె ఎక్కువ ఖర్చు చేస్తే బరువు తగ్గుతుందన్నది నిజమే. కాని ఖర్చు చేసే దేహం జడపదార్థం కాదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36మంది ఆరోగ్యవంతులైన యువకులపై ఒక ప్రయోగం చేశాడు. వారు యుద్ధంలో పాల్గొనబోమని నైతిక కారణాలతో నిరాకరించి, ఆ ప్రయోగానికి స్వచ్ఛందంగా వచ్చినవారు. మనోబలం లేనివారని వారినెవరూ అనలేరు. 24 వారాలపాటు వారికి సగం ఆహారం పెట్టారు. దేహభారంలో నాలుగోవంతు పోయింది. దానితోపాటు నిద్రా ఉత్సాహమూ పోయాయి; పగలూ రాత్రీ తిండి ధ్యాసే; వంటల పుస్తకాలు పోగుచేసుకొని చదువుకున్నవారు కూడా ఉన్నారు. ఆకలి శీలానికి సంబంధించినదైతే ఆ శీలవంతులకు ఆ గతి ఎందుకు పట్టింది?

రెండవది ఇంకా దగ్గరి ఉదాహరణ. 'ద బిగ్గెస్ట్ లూజర్' అనే అమెరికా టెలివిజన్ పోటీలో పాల్గొన్న 14మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవారు ఆరేళ్ళలో సుమారు 41 కిలోలు మళ్ళీ పెరిగారు. అంతకంటె గమనించవలసినది, వారి దేహాలు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, ఆ బరువుకు ఉండవలసినదానికంటె రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. అంటే, తగ్గిన దేహం పాత బరువును చేరడానికి లోలోపల పొదుపు ఉద్యమం నడుపుతున్నదన్నమాట. త్వరగా, క్రూరంగా తగ్గమని చెప్పేవారు ఈ రెండవ అంకాన్ని ఎన్నడూ ప్రదర్శించరు. తగ్గిన ఛాయాచిత్రం చూపుతారు, తెర దించేస్తారు.

నా అనుభవమూ దీనికి భిన్నం కాదు. 91 దగ్గర నాలుగు నెలలు ఆగిపోయాను. తిండి మారలేదు, నడక మారలేదు, ముల్లు కదలలేదు. ఆ నాలుగు నెలలలో నా శీలం చెడిందా? ఐదవ నెలలో మళ్ళీ రెండు కిలోలు తగ్గినప్పుడు బాగుపడిందా?

ఇక నేను చేసినదేమిటో దాపరికం లేకుండా చెబుతాను. పూర్వం నాకు పూటకు అరసోలకు పైగా బియ్యపు అన్నం. ఇప్పుడు మధ్యాహ్నం గిద్దెడు బియ్యపు అన్నం, దానికి రెండింతలు కూర, గరిటెలతో పప్పు. రాత్రి ఒక జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ. సాయంత్రం జంతికల స్థానంలో శనగ గుగ్గిళ్ళు. నూనె సీసాను చేతితో ఒంపడం మాని చెంచాతో కొలవడం. ఇందులో మహిమ ఏమీ లేదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాలు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే: మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకుండా చూసుకొని, పప్పులూ కూరలూ పండ్లూ పాలూ పెంచుకోమని. మన తెలుగు విస్తరిలో అన్నం కొండ, కూర దాని పాదం దగ్గరి పొద. ఆ నిష్పత్తిని తారుమారు చేయడమే నేను చేసిన విప్లవం.

వ్యాయామం విషయానికి వస్తే, మోకాళ్ళ నొప్పులతో మొదటి వారం పది నిమిషాలు నడవలేకపోయాను. ఏడాదికి యాభై నిమిషాలకు వచ్చాను. కండ కరిగిపోకుండా ఉండడానికి కుర్చీలోనుంచి చేతుల సాయం లేకుండా లేవడం, నీళ్ళ సీసాలు ఎత్తడం వైద్యులు నేర్పారు. వ్యాయామంతోనే బరువంతా కరుగుతుందనే భ్రమ కూడా తొలగింది. నేను గంటసేపు నడిచి ఖర్చు చేసిన శక్తి మూడు నాలుగు గారెలతో తిరిగి వస్తుంది. నడక నాకిచ్చినది నిద్ర, మోకాలికి ఊరట, రక్తంలో చక్కెర అదుపు. అవి తూకపు యంత్రం మీద కనబడవు. కనబడవు కనుక వాటిని ఎవరూ పొగడరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతా ఎవరి నిగ్రహం?

నాకు నెలనెలా పింఛను వస్తుంది. రేపటి కూటికి వెతుకులాట లేదు. ఉదయం ఐదున్నరకు నన్నెవరూ ఎక్కడికీ రమ్మనరు. ఇంటికి రెండు వీధుల అవతల నడిచేందుకు చెట్ల నీడ ఉంది. మూడు నెలలకొకసారి రక్తపరీక్షకు డబ్బుంది. అన్నిటినీ మించి, 22 మాసాలు రోజూ రెండు రకాల వంట చేసి, నా గిద్దెడు బియ్యం విడిగా కొలిచి, విడిగా వార్చి, ఆకుకూర ఏరి, గుగ్గిళ్ళు నానబోసిన ఇల్లాలు ఉంది. ఆమెకు 63 ఏళ్ళు. ఆమెకూ మోకాళ్ళ నొప్పులున్నాయి. ఆమె బరువు ఒక కిలో కూడా తగ్గలేదు. నా నడక వేళకు ఆమె పొయ్యి దగ్గర ఉండేది కనుక, ఆమెకు నడవడానికి వేళ ఎక్కడిది? నాకు శాలువా కప్పిన పెద్దలెవరూ ఆమె వైపు చూడలేదు. నేనూ ఆలస్యంగానే చూశాను. ఇప్పుడు వారానికి నాలుగు ఉదయాలు వంటిల్లు నాది, నడక ఆమెది. రుచి సంగతి అడగకండి.

ఆ పిల్ల సంగతి చూడండి. మధ్యాహ్నం మొదలై అర్ధరాత్రి దాకా సాగే ఉద్యోగం. అద్దెగదిలో పొయ్యి లేదు. హాస్టలు వారు పెట్టినదే తిండి. తెల్లన్నం, నీళ్ళచారు, బంగాళదుంపల వేపుడు. నిద్ర ఐదు గంటలు. ఆమెనూ నన్నూ ఒకే గీత మీద నిలబెట్టి పరుగుపందెం పెట్టి, వెనుకబడినందుకు ఆమెను నిందించేవారు ఏ ధర్మశాస్త్రం చదివారో నాకు తెలియదు.

"మన పూర్వులు ఎప్పుడో చెప్పారండీ, అతిగా తినేవాడు అధముడని" అనే సంస్కృతాభిమానులు కూడా ఉన్నారు. వారితో నాకు ప్రత్యేకమైన తగవు. పూర్వులు ఏం చెప్పారో చదివి మాట్లాడవలసిందిగా ప్రార్థన. చరకసంహిత సూత్రస్థానంలోని ఇరవైయొకటవ అధ్యాయం స్థూలకాయం గురించినదే. దేహాన్ని బట్టి లోకం నిందించే ఎనిమిది విధాలవారిని చెబుతూ చరకుడు మిక్కిలి పొడగరినీ మిక్కిలి పొట్టివాణ్ణీ, మిక్కిలి నల్లనివాణ్ణీ మిక్కిలి తెల్లనివాణ్ణీ, మిక్కిలి స్థూలునీ మిక్కిలి కృశునీ ఒకే వరుసలో నిలబెట్టాడు. స్థూలతకు కారణాలు చెప్పేటప్పుడు అతిభోజనమూ వ్యాయామం లేకపోవడమూ చెప్పి ఊరుకోలేదు, బీజస్వభావమనీ చెప్పాడు. అంటే తల్లిదండ్రుల నుండి సంక్రమించినది. ఇక చికిత్సలో యవలు, పెసలు, ఉలవలు, మజ్జిగ వంటివి చెప్పి, వ్యాయామాదులను క్రమక్రమంగా పెంచుకొమ్మన్నాడు. వాగ్భటుడైతే బలవంతుడు కూడా తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలన్నాడు. ఆ పెద్దలు వైద్యులు. రోగిని చూశారు, కారణం వెదికారు, మందు చెప్పారు. బంతిలో నిలబెట్టి నవ్వమని ఎక్కడా చెప్పలేదు.

ఒక ఆక్షేపణ ఊహించగలను. "మాస్టారూ, మీరిలా వెనకేసుకువస్తే జనం ఇంకా తిని కూర్చుంటారు. బరువు ప్రమాదం కాదా?" ప్రమాదమే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మనదేశంలో మధుమేహులు 10.1 కోట్లు. భారతీయులకు దేహభార సూచిక 23 దాటితేనే అధికబరువు, 25 దాటితే స్థూలకాయమని మన వైద్యులు హద్దు గీచింది అందుకే. ప్రమాదం నిజం గనుకనే సరియైన మందు కావాలంటున్నాను. అవమానం మందైతే మన దేశంలో ఈపాటికి స్థూలకాయుడు మిగిలేవాడు కాదు. ఆ మందుకు మన ఊళ్ళలో ఏనాడూ కొరత లేదు.

సరియైన మందు ఎంత చిన్నదో చూడండి. అమెరికాలో మధుమేహ నివారణకై మూడువేల పైచిలుకు మందిపై జరిగి 2002లో ప్రకటించబడిన అధ్యయనంలో పెట్టుకున్న లక్ష్యం దేహభారంలో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. ఆ మాత్రానికే మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. నూరు కిలోల మనిషికి అది ఏడు కిలోలు. చెన్నై కేంద్రంగా జరిగి 2006లో వెలువడిన మన దేశపు అధ్యయనం మరింత చిత్రమైనది. అందులో ఆహార వ్యాయామాలు మార్చుకున్నవారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు; అయినా మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. ముల్లు కదలకపోయినా మేలు జరుగుతుందన్నమాట! 34 కిలోలను ఆదర్శంగా చూపి, ఏడు కిలోలు తగ్గినవాణ్ణి "ఇంతేనా?" అని పెదవి విరిచేవారు, అతని చేతిలోని మందు గిన్నెను తన్నేస్తున్నారు.

ఇక సూదిమందుల మాట. 2025లో మనదేశంలో స్థూలకాయానికి కొత్త సూదిమందులు అమ్మకానికి వచ్చినప్పటినుంచి నన్ను మరొక విధంగా వాడుతున్నారు. "ఆయన కష్టపడి తగ్గారు, ఫలానావాడు సూది పొడిపించుకొని దొంగదారిన తగ్గాడు" అని. రక్తపోటుకు మాత్ర మింగేవాణ్ణి దొంగ అనరేం? కళ్ళజోడు పెట్టుకున్నవాడు చూపును దొంగిలించాడా? వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్ వలన 68 వారాలలో సగటున 15 శాతం దాకా బరువు తగ్గిందనీ, మానివేసిన ఏడాదిలో తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందనీ పరిశోధనలు చెబుతున్నాయి. ఈ రెండు సంగతులూ తెలిసి, వైద్యుని సలహాతో, తన జేబును చూసుకొని ఎవరైనా వాడుకుంటే అది వారికీ వారి వైద్యునికీ సంబంధించిన విషయం. నా గిద్దెడు బియ్యానికి దాని వలన మైల సోకదు.

చివరగా నా పాపం ఒకటి చెప్పుకోవాలి. ప్రాచీన కావ్యభాషలో 'లావు' అంటే బలం. గజేంద్రమోక్షం పాఠంలో ఆ మాట రాగానే పిల్లలు కిసుక్కుమనడం ముప్ఫైఏళ్ళు చూశాను. ఒక ఏడు ఆ నవ్వును నేనూ వాడుకోదలచి, మొదటి బల్లమీద కూర్చున్న ఒక బొద్దు కుర్రవాణ్ణి చూపి, "వీడికి మాత్రం ఆ కొరత లేదర్రా" అన్నాను. తరగతి గొల్లుమంది. చమత్కారం బాగా పండిందని ఇంటికి వచ్చి మా ఇల్లాలికి కూడా చెప్పాను. ఆ కుర్రవాడు మరునాటినుంచి చివరి బల్లకు మారాడు. పద్యం శ్రావ్యంగా చదివేవాడు. ఆ ఏడంతా నా తరగతిలో మళ్ళీ నోరు విప్పలేదు. అర్థం తెలిసిన పండితుడు, బలమనే అర్థం చెప్పవలసినచోట, తెలియనివాళ్ళ నవ్వును ఎంచుకున్నాడు. గృహప్రవేశంనాడు మా బావమరిది చేసినది ఇదే. అతడికి ఆ విద్య నావంటి గురువులు నేర్పినదే.

అందుకే ఉపాధ్యాయ మిత్రులను మొదట వేడుకుంటున్నాను: తరగతి గదిలో పిల్లవాడి దేహం ఉదాహరణ కాకూడదు, ఉపమానం కాకూడదు. తండ్రులకు: మీ కూతురి సంబంధం తప్పిపోతే తూకపు యంత్రాన్ని అడగకండి, వచ్చినవాడి కళ్ళను అడగండి. హాస్యం వ్రాసేవారికి: లావుపాటి మనిషి కుర్చీలో కూర్చోగానే కుర్చీ విరగడం అనే దృశ్యాన్ని దయచేసి ఇకనైనా విరమించండి. తగ్గదలచుకున్నవారికి: వైద్యుణ్ణి కలవండి, పప్పూ కూరా పెంచండి, అన్నం కొలవండి, పది నిమిషాలతో మొదలుపెట్టండి. నన్ను మాత్రం చూడకండి.

నన్నెందుకు చూడకూడదో కూడా వినండి. ఈనాటికి నేను 80 కిలోలు. రెండు కిలోలు మళ్ళీ చేరాయి. 168 సెంటీమీటర్ల ఎత్తుకు నా సూచిక 28కి పైనే. శాస్త్రం గీచిన హద్దు ప్రకారం మీరు సన్మానించినది ఒక స్థూలకాయుణ్ణే! మధుమేహపు మాత్ర సగమైంది; పోలేదు. రేపు మరో పది కిలోలు పెరిగినా నేను ఇదే మనిషిని. ఇన్నే పద్యాలు వచ్చు, ఇంతే కోపం.

ఛందస్సు చెప్పినవాణ్ణి కనుక ఒక్క మాట. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. అది కొలత. గురువుకంటె లఘువు పుణ్యం చేసుకున్నదని ఏ లాక్షణికుడూ వ్రాయలేదు.

ఆ పిల్ల కోలుకుంది. పగటివేళ పనికి మార్చుకుంది; ఇంకొక అమ్మాయితో కలిసి పొయ్యి ఉన్న ఇల్లు తీసుకుంది. మొన్న వచ్చి మా ఇంట రెండు రోజులుండి, నేను చేసిన పప్పును మొహమాటం లేకుండా తప్పుపట్టి వెళ్ళింది. ఇప్పుడు ఎంత బరువుందో నేనడగలేదు. మీరూ అడగవద్దు.

స్వస్తి.